రెండు వారాలకో పరాజయం, చప్పట్లతో సహా

పూర్వం మన సర్కారీ ప్రాజెక్టులు ఐదేళ్లకోసారి ఫెయిలయ్యేవి. సాఫ్ట్‌వేర్ వాళ్ల ఎజైల్ పద్ధతి వచ్చాక రెండు వారాలకోసారి ఫెయిలయ్యే సదుపాయం కలిగింది. ఫెయిలైన ప్రతిసారీ టీ, బిస్కెట్లు, చప్పట్లు. పాతకాలంలో ప్రాజెక్టు పోయాక ఒకే ఒక్క సంతాపసభ పెట్టి ఊరుకునేవాళ్లం. ఇప్పుడు అది పుట్టకముందు నుంచే పక్షానికో తద్దినం.

అండమాన్ నికోబార్ దీవుల్లో డిజిటల్ గ్రంథాలయం కట్టాలని ఒక బృందం బయల్దేరిందనుకోండి. ఊహే సుమా, ఏ ఆఫీసూ భుజాలు తడుముకోనక్కర్లేదు. తడుముకుంటే ఆ పూచీ నాది కాదు. ముందు దీవుల్లో ఏ పుస్తకాలున్నాయో, ఏ భాషల్లో ఉన్నాయో, ఎంతవరకు పాడయ్యాయో చూసొస్తారని మీరనుకుంటారు. మీరు వెనకటి మనుషులు. ముందు సర్వే, తర్వాత ప్లాను, ఆ తర్వాత పని, ఆఖర్న పరీక్ష అనే వరసకి సాఫ్ట్‌వేర్ వాళ్లు వాటర్‌ఫాల్ అని పేరుపెట్టి అటకెక్కించేశారు. కొత్త వరసలో ముందు ఈ పద్ధతిని నడిపించే స్క్రమ్ మాస్టర్ని నియమిస్తారు. ఆయన చెన్నైలో ఉంటాడు. ప్రాడక్ట్ ఓనర్ ఢిల్లీలో. కోడు రాసే పిల్లలు మాదాపూర్‌లో. దీవిలో ఉన్నది లైబ్రేరియన్ ఒక్కడే కాబట్టి ఆయన్ని టీములో చేర్చుకోరు. ఆయన స్టేక్‌హోల్డర్. ప్రారంభోత్సవం ఫొటోలో కుడిపక్క చివర నిలబడే హక్కు ఆయనకి సంపూర్ణంగా ఉంటుంది.

మొదటి స్ప్రింటు, అంటే మొదటి రెండు వారాల విడత, లోగోకి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు మనవాళ్లు. ఇక్కడ సోమలింగానికి లోగో, ట్యాగ్‌లైను, మొబైల్ యాప్ ఐకాను. అంతలో 2024 సెప్టెంబరు వచ్చింది, పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఇంకో స్ప్రింటు లోగో మీద పేరు మార్చడానికి. నిజానికి పేరు మారడం గ్రంథాలయానికి పెద్ద పనే. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. పుస్తకాల్లో పాత పేర్లు, పటాల్లో కొత్త పేర్లు. ఏ పేరుతో వెతికినా రెండూ దొరికేలా కలిపి పెట్టడం కేటలాగరు పని. ఆ పోస్టు ఖాళీ. లోగో డిజైనరు పోస్టు ఎన్నడూ ఖాళీగా లేదు.

రోజూ పొద్దున్నే పదిహేను నిమిషాల స్టాండప్. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేమిటి? అందరూ నిలబడే చెప్పాలి, కూర్చుంటే మాటలు పెరుగుతాయని. ఎవరు మొహమాటపెట్టారో, ఒకరోజు లైబ్రేరియన్‌కి కూడా లింకు పంపారు. ఆయన చెప్పాడు: అయ్యా, అడ్డంకి వాన. ఇక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. కప్పు కారుతోంది. తెలుగు బీరువాకి చెదపట్టింది. స్కానరు ఎప్పుడొస్తుంది? చెన్నై గొంతు ఎంతో మర్యాదగా పలికింది: మంచి పాయింటు సార్, బ్యాక్‌లాగ్‌లో పెడదాం.

బ్యాక్‌లాగ్‌లోంచి, అంటే చెయ్యాల్సిన పనుల జాబితాలోంచి, పని బయటికి రావాలంటే దానికి పాయింట్లు వెయ్యాలి. పేకముక్కల్లాంటి కార్డులు పంచుతారు, వాటి మీద ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు. పని ఎంత కష్టమో తలా ఓ కార్డు ఎత్తి చూపాలి. హోంపేజీలో రాధానగర్ బీచ్ వీడియో పెట్టడానికి రెండు. కేటలాగుకి పదమూడు. పదమూడు వచ్చిన పనిని ముక్కలు చెయ్యాలని శాస్త్రం. ముక్కలు చేసేవాడికి తెలుగు రావాలి, బెంగాలీ రావాలి, తమిళం రావాలి, నికోబారీ రావాలి. అందుకని బీచ్ వీడియో గెలిచింది.

నన్నడిగితే ఆ దీవుల్లో ఎజైల్‌ని అక్షరాలా పాటిస్తున్న బృందం ఒక్కటే, చెదలు. చిన్న టీము, పైవాడి అజమాయిషీ అక్కర్లేదు, రోజూ కొంత డెలివరీ, ప్రతి వర్షాకాలానికీ ఒక రిలీజు. వాటికి ఏ భాషా అడ్డం కాదు. వాటి వెలాసిటీ, అంటే పని సాగే వేగం, ఎన్నడూ తగ్గిన దాఖలా లేదు.

అలాగని ఎజైల్ పుట్టించినవాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో పదిహేడు మంది సాఫ్ట్‌వేర్ మనుషులు కలిసి ఒక చిన్న ప్రకటన రాసుకున్నారు. ప్రక్రియల కన్నా మనుషులు ముఖ్యం. కాంట్రాక్టు బేరాల కన్నా వాడేవాడితో కలిసి పనిచెయ్యడం ముఖ్యం. ప్లానుని పట్టుకుని వేళ్లాడే కన్నా మార్పుకి తగ్గట్టు కదలడం ముఖ్యం. లావాటి డాక్యుమెంట్ల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేరు ముఖ్యం. నాలుగూ బంగారం లాంటి మాటలు. మనవాళ్లు అందులోంచి ఏరుకున్నది ఆఖరిదాన్లో సగం. డాక్యుమెంట్లు అక్కర్లేదట!

బ్యాంకు యాప్‌కి అక్కర్లేకపోవచ్చు, టిక్కెట్ల సైటుకి అక్కర్లేకపోవచ్చు. గ్రంథాలయంలో ఆ డాక్యుమెంటే సరుకు. పుస్తకం పేరేమిటి, రాసిందెవరు, ఏ సంవత్సరం, ఎన్నో ముద్రణ, ఏ విషయం, ఎవరికి హక్కులున్నాయి, ఇవన్నీ కలిస్తే కేటలాగు. కేటలాగు లేని డిజిటల్ గ్రంథాలయం అంటే గుట్టగా పోసిన బొమ్మలు. గుట్ట ఎంత పెద్దదైతే వెతికేవాడికి అంత నరకం. ఈ ఒక్క ముక్క ఏ స్ప్రింట్ బోర్డు మీదా నాకు కనపడలేదు.

మెయిన్‌లాండ్‌లో ఇది జరిగిన కథే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్న మన రాజ్ రెడ్డి గారు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవారు, పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి లోకానికి ఉచితంగా ఇవ్వాలని సంకల్పించారు. గొప్ప సంకల్పం, అందులో వంక పెట్టడానికేమీ లేదు. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ భుజం కలిపాయి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలిసింది. 2007 నవంబరు నాటికి ప్రపంచం మొత్తం మీద లెక్క పదిహేను లక్షలు దాటిందని ప్రకటించారు. చైనీస్ 9,70,000. ఇంగ్లీషు 3,60,000. మూడో స్థానం ఎవరిదనుకున్నారు? తెలుగుది, 50,000.

ఈ మాట విని ఛాతీ ఉప్పొంగిన తెలుగువాడు పుస్తకం వెతకడానికి కూర్చున్నాడు. తెలుగులో కొడితే ఏమీ రాదు, పేర్లన్నీ రోమన్ లిపిలో ఉన్నాయి కనుక. అదీ మామూలు రోమన్ కాదు, అచ్చుల్ని జోడించి, సున్నాల దగ్గర కొమ్ములు తగిలించిన ఒక ప్రత్యేక వర్ణక్రమం. దాంట్లో కూడా తప్పులు. రచయిత పేరు దగ్గర ‘లభ్యం కాదు’ అని ఉంటుంది, ముఖపత్రం తెరిస్తే ఆ పేరు బొద్దు అక్షరాల్లో నవ్వుతూ కనపడుతుంది. ఒకే పుస్తకం రెండు మూడుసార్లు, రెండు మూడు స్పెల్లింగులతో. ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ బొమ్మ, దాన్ని చూడాలంటే బ్రౌజర్‌కి వేరే ప్లగిన్ తగిలించాలి. చివరికి కాపీరైటు గొడవలతో ఆ సైటే మూతపడింది. రచయిత పోయిన తర్వాత అరవయ్యేళ్ల దాకా హక్కులుంటాయన్నది మన చట్టం. కేటలాగులో రచయితే ‘లభ్యం కాదు’ అయినప్పుడు ఆయన బతికున్నాడో పోయాడో ఏ స్ప్రింటులో తేలుతుంది?

ఆ ప్రాజెక్టుని ఎవరూ ఎజైల్ అనలేదు, నేనూ అనడం లేదు. కానీ దానికి పట్టిన జబ్బే ఇవాళ వెలాసిటీ అనే అందమైన పేరుతో గోడమీద గ్రాఫై వేలాడుతోంది. పేజీలు లెక్కపెడితే పేజీలు వస్తాయి. పుస్తకాలు లెక్కపెడితే పుస్తకాలు వస్తాయి, రెండేసి మూడేసి సార్లు. పాఠకుడికి దొరికిన పుస్తకాలెన్ని అని ఎవరూ లెక్కపెట్టలేదు, కాబట్టి దొరకలేదు.

మరి ఆ యాభై వేల పుస్తకాలు ఇప్పుడు ఎలా చదువుతున్నాం? సైటు మూతపడినా ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. అంతకుముందే, 2014 ప్రాంతంలో, తెలుగు వికీపీడియన్లు చిన్నపాటి గ్రాంటుతో ఆ గుట్టలోకి దిగి, ఒక్కో పుస్తకం తెరిచి, అసలు పేరు తెలుగులో రాసి, రచయితని గుర్తించి జాబితాలు కట్టారు. ఒకరు రాసిన తప్పుని ఇంకొకరు ఆ రాత్రే దిద్దారు. చదివేవాడే చేసేవాడు, చేసేవాడే దిద్దేవాడు. స్నోబర్డ్ కొండమీద ఆ పదిహేడు మంది కలగన్నది ఇదే. విచిత్రమేమిటంటే ఈ పని చేసినవాళ్లలో ఒక్కరికీ స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ అవసరం పడలేదు.

న్యూజీలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న ఊళ్ల గ్రంథాలయ సంస్థ కథ కూడా ఇలాంటిదే. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్ వ్యవస్థ పడకేస్తుందని 1999లో భయపడ్డారు. కటిపో అనే చిన్న కంపెనీని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని కొత్తది రాయించుకున్నారు. 2000 జనవరికల్లా నడిచింది. దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. అదే కోహా, ఇవాళ మన దేశంలో ఎన్నో కాలేజీ లైబ్రరీల్లో నడుస్తున్నది. స్నోబర్డ్ ప్రకటనకి ఏడాది ముందు సంగతి ఇది! పక్కన లైబ్రేరియన్ కూర్చున్నాడు, ఎదురుగా గడువుంది. అంతకుమించి ఏ మంత్రమూ లేదు.

పెద్దవాళ్లూ బోర్లా పడతారు, కాదనను. యూరప్ దేశాలు కలిసి కట్టిన యూరోపియానా డిజిటల్ గ్రంథాలయం 2008 నవంబరు 20న తెరుచుకుని ఆరోజే కుప్పకూలింది. గంటకి కోటి హిట్ల దాకా వచ్చాయట. మళ్లీ డిసెంబరులో లేచింది. జనం ఎగబడి కూలిపోవడం గ్రంథాలయానికి గౌరవం. మన ఊహా గ్రంథాలయానికి ఆ ప్రమాదం లేదు.

ఇక ప్లాను అనే మాట వింటేనే ముక్కు విరిచేవాళ్లకి బంగాళాఖాతం అడుగునే జవాబుంది. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన చేసి, 2020 ఆగస్టు 10న ప్రారంభించిన చెన్నై అండమాన్ కేబుల్. దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్లు. అంతకుముందు దీవులన్నిటికీ ఉపగ్రహమే దిక్కు, ఒక మెయిలు తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. ఈ కేబుల్ వేసినవాళ్లు ముందు సముద్రగర్భాన్ని సర్వే చేశారు, దారి గీసుకున్నారు, ఆ దారినే వేశారు. సగం దాకా వేసి చేపల అభిప్రాయం తీసుకుని మిగతాది వచ్చే స్ప్రింటులో చూద్దాం అనలేదు. కరోనా కాలంలో, ఇరవై నెలల్లోపు పని ముగించారు. రాజధానితో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్ దాకా వెలుగు పారింది. ఆ జాబితాలో డిగ్లీపూర్ లేదు, అదింకో గోడు. ఇంత చేసి తెచ్చిన తీగ మీద మన టీము ఎక్కించబోతున్నది ఏమిటో గుర్తుంది కదా? బీచ్ వీడియో.

యూజర్ స్టోరీ అని ఇంకోటుంది. అవసరాన్ని ఒక్క వాక్యంలో రాయాలి: ఫలానావాడిగా నాకు ఫలానాది కావాలి, ఫలానా ప్రయోజనానికి. టీము రాసుకున్న స్టోరీల్లో టూరిస్టు ఉన్నాడు, పరిశోధకుడు ఉన్నాడు, తనిఖీకొచ్చే ఉన్నతాధికారి ఉన్నాడు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగువాళ్లు యాభై వేల పైచిలుకు, అంటే నూటికి పదమూడు మంది. జంగ్లీఘాట్‌లో చేపల పని చేసుకునే ఇంట్లో తెలుగు మీడియం చదివే పిల్ల ఏ స్టోరీలోనూ లేదు.

అసలు ఆ దీవుల్లో గ్రంథాలయానికి మొదటి యూజర్ స్టోరీ రాసిందెవరో ఈ టీముకి తెలుసా? 1933 మే నెలలో సెల్యులార్ జైలు ఖైదీలు నిరాహారదీక్షకి కూర్చున్నారు. తినగలిగే తిండి కావాలి, గదిలో దీపం కావాలి, పత్రికలు కావాలి, పుస్తకాలు కావాలి. బలవంతంగా గొంతులో పాలు పోయబోతే మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు పోయాయి. నలభై ఆరు రోజులకి సర్కారు దిగొచ్చింది. దీపం వచ్చింది, పుస్తకాలొచ్చాయి, జైలే పాఠశాల అయింది. మన్యం పితూరీలో అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర ఆ దీవుల్లోనే ఏళ్లు గడిపాడు. కాకినాడ బాంబు కేసు ప్రతివాది భయంకరాచారినీ అక్కడికే పంపారు. ఈ ఇద్దరి పేర్లూ తెలుగులో కొడితే మన ఊహా గ్రంథాలయం ‘ఫలితాలు లేవు, మీ ఉద్దేశం మాల్దీవులా?’ అని అడుగుతుంది. తర్వాతి రెట్రాస్పెక్టివ్‌లో, అంటే స్ప్రింటు చివరి సమీక్షలో, పసుపు చీటీ మీద రాసి అంటిస్తారు, సెర్చ్ మెరుగుపరచాలి అని. గోడ నిండా అలాంటి చీటీలే. ఆ టీము వెలువరించిన సమగ్ర సాహిత్యం అది.

రెండు వారాలు, మళ్లీ రెండు వారాలు అని సాగదీసేవాళ్లకి ఇంకొక్క తేదీ గుర్తుచేస్తాను. 2010 జనవరి 26. బోవా సీనియర్ అనే పెద్దావిడ ఆరోజు కన్నుమూసింది, ఎనభై అయిదేళ్ల వయసులో. గ్రేట్ అండమానీ భాషల్లో బో అనే భాషకి ఆఖరి మనిషి. తన భాషలో మాట్లాడేవాళ్లు లేక పక్షులతో మాట్లాడుకునేదట. ఆమె గొంతు, పాటలు, మాటలు ఇవాళ మిగిలాయంటే భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ వెళ్లి, పక్కన కూర్చుని, ఓపిగ్గా రికార్డు చేసుకున్నారు కాబట్టి. ఆ పనికి గడువు పెట్టింది ఏ మేనేజరూ కాదు. ఆ గడువుని జరపడం ఎవరి తరమూ కాదు.

ఇన్ని తిట్టి ఏం చెయ్యాలో చెప్పకపోతే నేనూ స్క్రమ్ మాస్టర్నే అవుతాను. ఉన్న పుస్తకాలకి తెలుగు లిపిలో జాబితా రాయండి, స్కానరు కొనకముందే. అది రాయగల ఒక మనిషిని దీవిలోనే జీతమిచ్చి పెట్టండి. లైబ్రేరియన్‌కి టీములో కుర్చీ వెయ్యండి, నిలబెట్టకండి. పుస్తకం ఫైలు మామూలు ఫోన్లో తెరుచుకోవాలి, డిగ్లీపూర్‌లో, క్యాంప్‌బెల్ బేలో, వానరోజున. నెలనెలా లెక్క చెప్పండి, ఎన్ని పేజీలు స్కానయ్యాయని కాదు, ఎందరికి ఏ పుస్తకం దొరికింది, ఎవరికి దొరకలేదు అని. ఇదంతా ఎజైల్ పద్ధతిలోనే చేస్తామంటే సంతోషంగా చెయ్యండి, నాకేం అభ్యంతరం?

ఇంకొక్కటి. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ తిప్పారు. మనకి కాలువ కన్నా పెద్ద దారే ఉంది. చెన్నై నుంచో, విశాఖ నుంచో బయల్దేరిన ఓడ దీవులు చేరడానికి మూడు రోజుల దాకా పడుతుంది. బంక్ క్లాసులో వందల మంది, తీరం దాటాక ఫోన్లో సిగ్నలుండదు, చేతిలో పనుండదు. అరచేతిలో పట్టే ఒక చిన్న సర్వరు, దాంట్లో హక్కుల చిక్కులేని తెలుగు పుస్తకాలు, ఓడ వరకు వైఫై. ఇంటర్నెట్ అక్కర్లేదు. పడవలో నడిచింది ఓడలో ఎందుకు నడవదు? నౌకాయాన శాఖవారూ, గ్రంథాలయ శాఖవారూ, దీవుల తెలుగు సంఘాల పెద్దలూ కలిసి వచ్చే ప్రయాణానికే ఒక్క ఓడలో ఇది పెట్టించండి. నచ్చకపోతే తిరుగు ప్రయాణంలో తీసెయ్యవచ్చు.